మూడు దెబ్బల పలకరింపు

నమోదు 1. సోమవారం. ఎండ. గాలి లేదు.

కంట్రోల్ ఆఫీసుకు వెళ్లే లాగ్‌ను యంత్రం రాసుకుంటుంది. అందులో నీటి లోతు, గాలి వేగం, మేం కాల్చిన నూనె తప్ప ఇంకేమీ ఉండవు. ఎల్లాజీ చెవిపోటు ఉండదు, పులుసులో ఉప్పెక్కువైన సంగతి ఉండదు. అందుకని ఇది నా లాగ్. నా పేరు గరికిన పైడితల్లి. పోలమాంబ అనే ఈ ఓడకు పెద్దని. నాతో పనిచేసే ఎల్లాజీ, సింహాద్రి నన్ను అప్పా అంటారు, అక్క అని. బోర్లాపడ్డవి, నేల తన్నినవి, నిప్పంటుకున్నవి, ఏ ఓడలైనా సరే లాగడం, లేపడం, లేపలేకపోతే దారికి అడ్డం లేకుండా ముంచడం మా పని. పోలమాంబ ఒకప్పుడు నేవీ వాళ్ల రెస్క్యూ ఓడ. వాళ్లు వాడి వాడి వదిలేస్తే మా తీరం సంఘం తెచ్చుకుంది. దీని వయసు నాకన్నా ఎక్కువ, కోపం మాత్రం నాకన్నా తక్కువ అంటాడు సింహాద్రి.

ఈ రోజు దొరికింది ఓ సరుకు ఓడ. పూర్తిగా తలకిందులై తేలుతోంది. నీళ్ల పైన దాని పొట్ట మాత్రమే కనిపిస్తోంది, నాచు పట్టి, నున్నగా. మనుషుల్లేని ఓడ. ఇప్పుడు మనుషులున్న సరుకు ఓడలు ఎక్కడున్నాయి గనక! నా చిన్నప్పుడే వంటవాడితో సహా అందరినీ దించేసి, దారి చూసుకోవడం కూడా ఓడలకే నేర్పేశారు.

ఏ ఓడ మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు పలకరింపు చేస్తాం. నేను డెక్ మీద కొబ్బరికాయ కొడతాను. సింహాద్రి పసుపుగుడ్డ కట్టిన సుత్తి, వేపమండ పట్టుకుని నీళ్లలోకి దిగి, ఓడ పక్క మీద మూడు దెబ్బలు కొట్టి వస్తాడు. చచ్చిన ఓడకు చెప్పుకోవడం అన్నమాట, నీ మీద చెయ్యి వేస్తున్నాం, ఏమీ అనుకోకు తల్లీ అని. మా మేనమామ అయితే కొట్టాక ఓడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండేవాడు. అంత భక్తి ఆయనకు. హెల్మెట్లు వచ్చాక చెంప ఆనించడం కుదరక ఆ ముక్క మానేశాం.

పలకరింపు అయ్యాక చెవిని అంటించాం. చెవి అంటే కంచమంత బిళ్ల. ఓడకు అతుక్కుని లోపలి చప్పుళ్లు వింటుంది. నీళ్లలోకి దిగినవాళ్ల హెల్మెట్లలోకి ఏ చప్పుడు వెళ్లినా దాని చేతుల మీదుగానే వెళ్లాలి. కాసేపటికి దాని పెట్టెలోంచి రోజూ వినే ముక్కే వినిపించింది.

"మనుషుల అలికిడి లేదు."

తర్వాత భోజనాలు చేశాం.

నమోదు 2. మంగళవారం. నీటి ప్రవాహం ఉత్తరానికి.

ఈ రోజంతా అనుమతి కోసం కూర్చున్నాం. ఓడను కట్టి లాగబోతే పోలమాంబ ఇంజను దగ్గడం మొదలుపెట్టింది తప్ప ఓడ కదల్లేదు. లోపల పట్టుబడిన గాలే దాన్ని తేలుస్తోంది. నీళ్లేమో దాన్ని మెల్లగా ఉత్తరానికి తోసుకుపోతున్నాయి. ఉత్తరాన సముద్రం అడుగున మంచినీళ్ల గొట్టం ఉంది. మిట్ట మీది కొత్తపట్నం మొత్తం ఆ గొట్టం నీళ్లే తాగుతుంది. బోర్లాపడ్డ ఓడకు క్రేన్లు కిందికి వేలాడుతుంటాయి. అవి గొట్టానికి తగిలాయంటే ఊళ్లో గుక్కెడు నీళ్లుండవు.

కంట్రోల్‌లో సుధన్వ అనే కుర్ర ఆఫీసరు ఉన్నాడు. మర్యాదస్తుడు, నన్ను గారూ అనకుండా మాట మొదలుపెట్టడు.

"పైడితల్లి గారూ, గొట్టం దాకా రానివ్వకండి. మధ్యలో లోతు గొయ్యి ఉంది కదా, అక్కడే ముంచేద్దాం. రేపు పొద్దున్నకి కాగితం వస్తుంది."

"ఆ కాగితం ఇయ్యాలే వస్తే మీ సొమ్మేటి పోనాది బాబూ? ఓడ గొయ్యి కాడికి నడిచెల్లిపోతంది."

"మీకు తెలియనిదేముంది, నాలుగు సంతకాలు కావాలి."

సంతకాలు చేసేవాళ్లు భోంచేసి నిద్రలేచేసరికి మా తల ప్రాణం తోకకొస్తుంది.

ఎల్లాజీ చెవిలో చీము పట్టింది. నీళ్లలోకి దిగొద్దని చెప్పాను. అలిగి, వెనకాల ఇనుప గంప మీద ఎక్కి కూర్చున్నాడు. అది నేవీ వాళ్ల కాలంనాటి గంప. మనిషి నిలబడేంత ఎత్తు, గాలి దూరని గోడలు, అడుగు ఉండదు, పైన మూత. మునిగే ఓడల్లోంచి మనుషుల్ని తియ్యడానికి పనికొచ్చేదట. మనుషుల్లేని ఓడల కాలంలో అదెందుకని మేం దాని కింద అడుగు కట్టి ఉల్లిపాయలు పోసుకున్నాం. ఎల్లాజీ చెల్లెలు సింహాద్రి పెళ్లాం. బావా బావమరుదులిద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకోకుండా గంటసేపు ఉంటే నాకు జ్వరమేమోనని భయమేస్తుంది. ఈ రోజు చెవిపోటు మీదే గడిపేశారు.

నమోదు 3. బుధవారం, పొద్దున్న.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాగితం వచ్చింది. ఎల్లాజీని ఓడ పొట్ట మీదికి ఎక్కించాను. నీళ్లలోకి దిగక్కర్లేని పని గనక వాడికి హెల్మెట్ లేదు. మైకు తగిలించుకున్నాడు, పోటున్న చెవిలో దూది పెట్టుకున్నాడు. వాడి పని పీతను చూసుకోవడం. పీత ఆరు కాళ్ల యంత్రం, ఇనుముకు అతుక్కుని నడుస్తూ చిల్లులు పొడుస్తుంది. చిల్లుల్లోంచి గాలి పోతే ఓడ దానంతటదే మునుగుతుంది. సింహాద్రి కింద నీళ్లలో మా గొలుసులు విప్పుతున్నాడు. నేను స్టీరింగు గదిలో ఉన్నాను.

మొదటి చిల్లు పడింది. గాలి ఈల వేసుకుంటూ బయటికి వచ్చింది. అప్పుడు మైకులో ఎల్లాజీ గొంతు.

"ఒరే బావా, పలకరింపు మొన్ననే అయిపోనాది గదా, మళ్లీ కొడతన్నావేటి?"

"నానెక్కడ కొట్టినాను?" అన్నాడు సింహాద్రి కిందనుంచి. "గొలుసు రాక నాను సస్తంటే!"

"అబద్ధం సెప్పకు. మూడు కొట్టినావు. నా కాళ్ల కింద తెలిసినాది."

"నీ సెవిలో సీము కొడతాంది బావా, మేళం."

నాకు నవ్వొచ్చింది. పని చూడండర్రా అని కసిరాను. రెండో చిల్లు పడింది. ఓడ జానెడు కిందికి దిగింది. ఎల్లాజీ మళ్లీ మొదలుపెట్టాడు, బావ తనను ఏడిపించడానికే కొడుతున్నాడని, ఆచారంతో ఆటలాడితే అమ్మవారు ఊరుకోదని. సింహాద్రి ఒట్టు పెట్టుకున్నాడు. తన హెల్మెట్‌లో ఏ దెబ్బా వినపడలేదన్నాడు. ఇద్దరినీ కలిపి తిట్టాను. గొలుసు విప్పేసిన సింహాద్రి పైకి వచ్చి, బట్టలు మార్చుకుని నా గదిలోకి వచ్చాడు. పీత మూడో చిల్లు పొడిచింది. మైకులో మళ్లీ ఎల్లాజీ.

"అప్పా, బావకి సెప్పు. మళ్లీ కొడతన్నాడు. మర్యాదగా ఉండదు నాతోటి."

నేను పక్కకు చూశాను. సింహాద్రి నా పక్కనే కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటున్నాడు.

మైకు లాక్కున్నాను.

"ఎల్లాజీ, పీతనాపు. చిల్లులు మూసీయ్."

"ఏటైనాదప్పా?"

"బావ నా కాడ టీ తాగతన్నాడు రా. మూసీయ్!"

వాడికి అర్థమైపోయింది. చెక్క బిరడాలు మా దగ్గరే ఉన్నాయి, వాడి దగ్గర లేవు. ఒక చిల్లులో తువ్వాలు కుక్కాడు, రెండోదాంట్లో చొక్కా. మూడోదాని మీద బోర్లా పడుకుని అరచెయ్యి ఒత్తిపట్టాడు. మేం రబ్బరు పడవ వేసుకుని బిరడాలతో చేరేసరికి వాడి అరచెయ్యి గాలికి ఉబ్బి నల్లబడింది. వాడేమో ఓడకు చెంప ఆనించి ఏడుస్తున్నాడు.

"ఉన్నారప్పా. లోపల ఎవులో ఉన్నారు."

నమోదు 4. బుధవారం, కాస్త పొద్దెక్కాక.

బిరడాలు దిగగొట్టాక నేను కూడా చెంప ఆనించాను. మొదట నా నెత్తురు హోరే వినిపించింది. తర్వాత సన్నగా, ఎక్కడో దూరంగా, మూడు. ఆగి, మళ్లీ మూడు.

మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన చేసింది భక్తి కాదు, వింటున్నాడు. మూడు కొట్టి జవాబు కోసం చెంప ఆనించి వినేవాడు. మేం కొట్టడం ఉంచుకుని, వినడం వదిలేశాం. దానికి పసుపు పూసి, వేపమండ చుట్టి, కొబ్బరికాయ కూడా కొట్టాం. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

సుధన్వను పిలిచాను. నేను చెప్పింది మొత్తం విన్నాడు.

"పైడితల్లి గారూ, చెవి రిపోర్టు నా ముందుంది. సోమవారం నుంచీ ఖాళీ. సరుకు కదిలి తగులుతుందేమో."

"సరుకు మూడేసి లెక్కెట్టుకుని కొడతాదేటి బాబూ?"

"మీ మాట నమ్మక కాదు," అన్నాడు. "ఊరంతా ఆ గొట్టం మీదే బతుకుతోంది. గొయ్యి దాటితే ముంచడానికి ఇంకో చోటు లేదు. ఓడల్ని లాగే నా టగ్గులు రెండూ బయల్దేరాయి. మీరు ముంచకపోతే అవి ముంచుతాయి. ఆపమంటే నేను పైవాళ్లకు ఏదో ఒకటి చూపించాలి కదా. మనుషులున్నారని రిపోర్టులో చెవి ఒక్క గీత గీస్తే చాలు, ఆపేస్తాను."

"ఎల్లాజీ ఉత్త సెవితో ఇన్నాడు. నాను ఇన్నాను. మరి మీ సెవికేటి రోగం?"

"దానికి రోగం లేదండీ. అది ప్రతి ఓడ దగ్గరా వినిపించే చప్పుళ్లన్నీ మీవేనని నేర్చుకుంటుంది. వాటిని తీసేసి మిగతాదే వింటుంది. మీ ఇంజను, మీ గొలుసులు, మీ పీత..."

అతను ఆగాడు. నాకూ అప్పుడే తట్టింది. ప్రతి ఓడ దగ్గరా మేం తప్పకుండా చేసే చప్పుడు ఇంకొకటుంది.

మేం మూడు కొట్టాం కాబట్టి లోపలివాళ్లు మూడు కొడుతున్నారు. చెవికి మూడు దెబ్బలంటే మేమే. వాళ్లు ఎంత కొట్టుకున్నా, ఎన్నాళ్లు కొట్టుకున్నా, అది మా చప్పుడే అనుకుని పారేస్తూనే ఉంటుంది.

మైకు పక్కన పెట్టి ఎల్లాజీ వైపు చూశాను.

"సుత్తి తియ్. నాలుగు కొట్టు."

"మూడుకి మించి కొట్టకూడదప్పా. నాలుగంటే పాడె మోసినోళ్ల లెక్క."

"కొట్టరా!"

నాలుగు కొట్టాడు. నేను ఇనుముకు చెంప ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి. రెండు. మూడు. అంతే, ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అలవాటుగా మళ్లీ మూడే కొట్టి ఊరుకున్నారనుకున్నాను. లేవబోతుంటే నాలుగోది వినిపించింది. ఇది కూడా మీరే కొట్టారా, సరిగ్గానే విన్నామా అని సందేహపడి కొట్టినట్టు, మెల్లగా.

పోలమాంబ మీదినుంచి చెవి పెట్టె గొంతు మా మైకుల్లోకి వచ్చింది.

"మనుషుల అలికిడి ఉంది."

వెంటనే మైకులో సుధన్వ.

"గీత పడింది," అన్నాడు. "టగ్గులు రెండూ మీకే ఇస్తున్నాను. వెనక్కి లాగి పట్టుకుంటాయి. కానీ పోటు తిరిగిందంటే అవి కూడా ఆపలేవు. అప్పటిదాకానే, పైడితల్లి గారూ."

నమోదు 5. బుధవారం, సాయంత్రం.

చిల్లు పెద్దది చేస్తే మనుషులు రావచ్చు, కానీ గాలంతా పోయి వాళ్లతో సహా ఓడ మునుగుతుంది. అందుకే నేవీ వాళ్లు గంప చేయించుకున్నారు. అడుగులేని గంపను ఓడకు వెల్డింగ్ చేసి అతికించాలి. మనం లోపలికి దూరి మూత బిగించుకోవాలి. గంపలో గాలి ఓడలో గాలికి సమానమయ్యేదాకా పంపు కొట్టాలి. అప్పుడు కోస్తే గాలి ఎటూ పోదు. ఇదంతా నేను నేర్చుకున్నది ఒక్కసారే, చెయ్యలేదు ఎప్పుడూ.

ఉల్లిపాయలు డెక్ నిండా దొర్లాయి. వాటి మీద కాలు జారి ఇద్దరం పడ్డాం కూడా. ఎవరూ నవ్వలేదు. గంపను దించి, అంచు చుట్టూ సింహాద్రి వెల్డింగ్ చేశాడు. అలలు వచ్చి చల్లార్చేవి, మళ్లీ చేసేవాడు. కోయడానికి వాడు, పట్టుకోవడానికి నేను లోపలికి దూరాం. ఎల్లాజీ వస్తానన్నాడు గానీ ఆ గాలి ఒత్తిడికి వాడి చెవి పగిలిపోతుంది. పంపు దగ్గర కూర్చోబెట్టాను. నా చెవులు గడియ వేసినట్టు మూసుకుపోయాయి.

రేకు ఊడింది. లోపలినుంచి డీజిలు, ఉచ్చ, ఉప్పు కలిసిన వాసన. చీకట్లోంచి ముందు ఒక పానా వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి తర్వాత వచ్చింది. వేళ్ల మీద చర్మం లేదు.

"ఎందరున్నారమ్మా?" అన్నాను.

"ఐదుగురం," అంది ఒక ఆడగొంతు. మళ్లీ తనే, "కాదు. నలుగురం," అంది.

ఆమె పేరు గున్నమ్మ. సముద్రంలో మునిగిపోయిన ఉప్పు మళ్ల ఊళ్ల మనిషి. తీరం దాటాలంటే పాస్ కావాలి. పాస్ లేనివాళ్లు ఖాళీ ఓడల్లో దాక్కుని పోతారని వినడమే గానీ చూడ్డం నాకు ఇదే మొదలు. తనకన్నా ముందు మిగతావాళ్లను పైకి పంపింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక ముసలాయన. ముసలాయన భుజాలు ఇరుక్కుంటే కింద నుంచి తన తలతో పైకి నెట్టింది. తను మాత్రం ఎక్కలేదు.

"మా అన్నున్నాడు. కొర్లయ్య. ఆ మూల గొట్టానికి నా కొంగుతో కట్టినాను, నీళ్లట్టుకుపోకుండా. ఆడిని కూడా తియ్యండి."

సింహాద్రి దీపం అటు తిప్పాడు. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. మూల దూరంగా ఉంది. అప్పుడే మైకులో సుధన్వ.

"పోటు తిరిగింది. టగ్గులు జారుతున్నాయి. బయటికి వచ్చెయ్యండి."

సింహాద్రి ఓ కాలు అప్పటికే లోపల పెట్టాడు. నేను వాడి బెల్టు పట్టుకుని వెనక్కి లాగాను.

"ఆడు పోనాడు. బతికినోళ్లు చాలు. రా పైకి."

"అప్పా, నిమిషం..."

"నేదు."

గున్నమ్మ నన్ను తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను, కానీ ఒక్కటీ అబద్ధం కాదు. చంకల కింద చేతులు వేసి ఎత్తి, నేనే గంపలోకి తీసుకొచ్చాను. కోసిన చోట రేకు మళ్లీ బిగించి, అప్పుడు గంప మూత తీశాం. పానా మాత్రం ఆమె వదల్లేదు.

నమోదు 6. గురువారం.

బిరడాలు పీకగానే ఓడ మునిగింది, గొయ్యికి అవతల. క్రేను ఒకటి గొట్టం మీద పడింది. గొట్టం తెగలేదు గానీ వంగింది. కొత్తపట్నంలో సగం ఊరికి నీళ్లు లేవు. జనం బిందెలతో రోడ్డెక్కి మమ్మల్ని తిడుతున్నారట, దొంగతనంగా ఓడెక్కినవాళ్ల కోసం ఊరిని ఎండబెట్టామని. తిట్టనీ. కంట్రోల్ లాగ్‌లో సుధన్వ, మేం తన మాట మీదే ఆగామని, బాధ్యత తనదేనని రాయించాడట. కుర్రాడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

అతన్ని ఒకటే అడిగాను. చెవి పారేసిన చప్పుళ్లు ఎక్కడైనా దాస్తుందా అని. దాచదట. ఇన్నేళ్లలో మేం ఎన్ని ఓడలకు మూడు కొట్టి, చెవి మాట విని, ముంచేసి, భోజనానికి కూర్చున్నామో! వాటిలో ఎన్ని జవాబు చెప్పాయో ఇక ఎవరికీ తెలియదు. ఒక్కదాంట్లోనూ ఎవరూ లేరని అనుకోవాలని ఉంది. అనుకోలేకపోతున్నాను. నిన్నటి నుంచీ అన్నం సయించడం లేదు.

గున్నమ్మ నా మంచం మీద పడుకుంది. చేతులకు కట్లు కట్టాం. పొద్దున్న గంజి తీసుకెళ్తే లేచి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సోమారం మూడు కొట్టింది మీరేనా?"

"మేమే."

"మా అన్న ఎగిరి గెంతేసినాడు. ఎవులో వచ్చినారే, అడుగుతన్నారే అని. పానా తీసుకుని కొట్టినాడు. మీరు ఎల్లిపోనారు. మరేటి, ఇన్నారు, మనుసుల్ని తేడానికి ఎల్లుంటారు అన్నాడు. అలాగే కొడతా ఉన్నాడు. మంగళారం సాయంత్రం దాకా కొట్టినాడు. ఆడి సెయ్యి ఆగిపోనాక నాను తీసుకున్నాను." గంజి గిన్నె వంక చూస్తూ అడిగింది. "మేం కొట్టింది మీకు ఇనపడ్నేదా?"

ఇనపడ్నేదు అందామనుకున్నాను. చాలా తేలిక మాట అది. చెవిదే తప్పు, ఇంజను హోరుదే తప్పు, అందరూ ఒప్పుకుంటారు కూడా.

"మేం ఇన్నేదు తల్లీ," అన్నాను. "కొట్టి ఎల్లిపోనాం. ఆగి ఇన్నుంటే ఇనపడీది."

ఆమె గంజి తాగింది. గిన్నె నా చేతికిస్తూ, "మా అన్నని తెచ్చియ్యండి," అంది.

నమోదు 7. మంగళవారం. సముద్రం నెమ్మదిగా ఉంది.

గొట్టం బాగుచెయ్యడానికి వెళ్లినవాళ్ల పని అయ్యాక మాకు దారిచ్చారు. కొర్లయ్యను తేవడానికి వచ్చాం. గున్నమ్మను ఒడ్డున ఉండమంటే ఉండలేదు. పాస్ లేదు కాబట్టి రాకూడదని రేవు కాపలావాడు అడ్డం పడితే, ఈమె నా ఓడ మనిషని చెప్పి తీసుకొచ్చాను. కోపం తెచ్చుకోవడంలో నాకున్న అనుభవం ఆ కాపలావాడికి లేదు.

పసుపుగుడ్డ విప్పేశాం. వేపమండ లేదు, కొబ్బరికాయ లేదు. చెవిని ఆపేసి పెట్టెలో పడేశాను. దాని బదులు సుధన్వ ఎక్కడో గోడౌన్లో వెతికి పంపిన పాత మైకు ఒకటి తాడుకు కట్టి దించాం. దానికి ఏదీ తీసెయ్యడం రాదు, వచ్చిందల్లా వినిపిస్తుంది. అతనికి ఉద్యోగం ఇంకా ఉంది, జీతంలో మాత్రం కోశారట.

సింహాద్రి కిందికి దిగాడు. ఈ ఓడలో ప్రాణం లేదని మా అందరికీ తెలుసు. తెలిసీ కొట్టడమెందుకని ఎవరూ అడగలేదు. ఒక్క ఓడకు మానేస్తే, రేపు ఇంకో ఓడకు మానెయ్యడానికి మనసు దారి చూపిస్తుంది. సింహాద్రి మూడు కొట్టి, హెల్మెట్‌ను ఓడకు ఆనించాడు. పైన మేం మైకు పెట్టె చుట్టూ కూర్చున్నాం. రొయ్యలు చిటపటలాడే చప్పుడు, నీళ్ల చప్పుడు, ఎక్కడో రేకు రాసుకునే చప్పుడు. అంతే.

ఎంతసేపు ఆగాలన్నది మాకెవరూ నేర్పలేదు. మేనమామ ఎంతసేపు ఉండేవాడో సరిగ్గా తెలియదు. అప్పుడు నేను పిల్లని, చూస్తూ ఉండలేక ఆటకు పోయేదాన్ని. చీకట్లో పడుకున్న మనిషి లేచి, తడుముకుని, ఏదో ఒకటి చేతికి తెచ్చుకుని కొట్టేంతసేపైనా ఆగాలి కదా. అంతసేపు ఆగాం. దానికి రెండింతలు ఆగాం. ఎల్లాజీ నా వైపు చూశాడు.

"ఇంక లోపలికి ఎల్లమనీదా అప్పా, బావని?"

సరే అనబోయాను. గున్నమ్మ కట్లు కట్టిన చెయ్యి నా మోకాలి మీద వేసింది.

"ఉండండి," అంది. "మా అన్న ఒకపాలి పిలిస్తే పలికీవోడు కాదు. బద్ధకం ఆడికి."

కాసేపు ఉండమని సింహాద్రికి చెప్పాను. ఎల్లాజీ ఇంజను కూడా ఆపేసి వచ్చి మా పక్కన కూర్చున్నాడు.